పాడనేర్చిన మాండలిన్

పాలకొల్లులో పుట్టి, గుడివాడ త్యాగరాజారాధనలో తొలి కచేరి చేసి, పదునాలుగేండ్లకే బెర్లిన్ జాజ్ వేదికను జయించిన ఉప్పలపు శ్రీనివాసు నాదజీవితము

నరసాపురమునుండి బయలుదేరిన రైలుబండి పాలకొల్లు, వీరవాసరము, భీమవరములను దాటి, ఉండి, ఆకివీడుల మీదుగా ఉప్పుటేటి వంతెనను గడచి, కైకలూరు, మండవల్లి స్టేషనులలో ఆగుచు గుడివాడ చేరును. ఈ దారిలో చాలదూరము, ప్రయాణికునకు కుడిచేతివైపున, వరిచేలును చేపలచెరువులును అడ్డుపడగా కంటికి పూర్తిగా కనబడకయే కొల్లేరు తోడువచ్చుచుండును. బుడమేరు, తమ్మిలేరు మోసికొని వచ్చిన నీటిని కొంతకాలము తనలో నిలుపుకొని, ఉప్పుటేటి ద్వారా సముద్రమునకు వదలు ఈ సరస్సునకు ఉత్తరపు గట్టున ఏలూరు, ఈశాన్యమున తాడేపల్లిగూడెము, ఆగ్నేయమున భీమవరము, పాలకొల్లు, నైరృతిదిశను గుడివాడ కలవు. వరికిని చేపకును పేరుపడిన ఈ పల్లపు సీమనుండి, ఇరువదవ శతాబ్దపు చివరి పాదమున, ప్రపంచ సంగీతచరిత్రలో చేరదగిన ఒక జీవితము మొదలైనది. 1969 ఫిబ్రవరి 28వ తేదీన పాలకొల్లులో జన్మించిన ఒక బాలుడు, 1978లో గుడివాడ త్యాగరాజారాధనోత్సవమున తన తొలి కచేరి చేసి, మరి అయిదేండ్లకే, 1983లో, బెర్లిన్ జాజ్ ఉత్సవ వేదికపై కూర్చుండి, కర్ణాటక సంగీతమన్న మాటయే వినని సహస్రాధిక శ్రోతలను లేచి నిలువబడి కరతాళధ్వనులు చేయునట్లు చేసెను.

ఆ బాలుడు ఉప్పలపు శ్రీనివాసు. లోకము పిలుచుకొన్న పేరు మాండలిన్ శ్రీనివాస్. గుడివాడకును బెర్లినుకును నడుమ గడచిన ఆ అయిదేండ్లలో అతడు జాజ్ విద్వాంసుడుగా మారలేదు. తన బాణీని పరదేశీయుల చెవులకు అనువుగా పలుచన చేసికొనలేదు. త్యాగరాజ కీర్తనను విడిచి వేరొక పాటను పట్టలేదు. తెలుగు పలుకుల కీర్తనను, దానికి ప్రాణభూతమైన గమకమును, అంతకుముందు వానిని ఎరుగని ఒక ఇటలీ దేశపు వాద్యముపై, గొంతెత్తి పాడినంత స్పష్టముగా పలికించెను. ఆ పలుకు విని జాజ్ ప్రపంచము అతనిని తనవానిగా చేరదీసికొనెను. తన సంప్రదాయమునందు లోతుగా నిలిచిన కళాకారునకు పరదేశములలో పరిచయకర్త అక్కరలేదనుటకు ఇంతకంటె బలమైన నిదర్శనము మన కాలమున మరియొకటి కానరాదు.

ఊరు, ఇల్లు, గురువు

పంచారామములలో ఒకటైన క్షీరారామమునకు నెలవై, గోదావరి కాలువలతో పచ్చబడిన పట్టణము పాలకొల్లు. అల్లు రామలింగయ్యను, దాసరి నారాయణరావును చలనచిత్రరంగమునకు ఇచ్చిన ఊరిది. శ్రీనివాసు తండ్రి సత్యనారాయణ సంగీతజ్ఞుడు. ఆయన యింట ఒక మాండలిన్ ఉండెడిది. ఆరేండ్ల వయస్సున కుమారుడు దానిని చేతబట్టి వాయించుటకు ప్రయత్నించుచుండగా, ఆ చేతివాటమునందలి విశేషమును గుర్తించిన తండ్రి, వారింపక, క్రొత్త వాద్యమును కొనియిచ్చి తానే తొలిపాఠములు చెప్పెను. 1976లో వాసూరావు అను గిటారు వాద్యకారుడు ఆ బాలునకు పాశ్చాత్య సంగీతమును పరిచయము చేసెను. ఆనాటికి తెలుగునాట మాండలిన్ అనగా సినిమాపాట చరణముల నడుమ తళుక్కున మెరసి మాయమగు వాద్యము. ఆర్కెస్ట్రాలలో వినోదమునకు వాయించు వాద్యము. రాగాలాపనమునకు, పల్లవికి, నాలుగు గంటల కచేరికి అది తగునని ఎవరును తలపోసియుండలేదు.

ఆ సమయమున శ్రీనివాసు జీవితమున ప్రవేశించిన వారు రుద్రరాజు సుబ్బరాజుగారు. కర్ణాటక సంగీతలోకమున పూజ్యులైన చెంబై వైద్యనాథ భాగవతుల శిష్యులు, సత్యనారాయణకును గురువులు. బాలుని వాద్యమును విన్నంతనే, ఇతనికి శాస్త్రీయ సంగీతమును చెప్పవలెనని ఆయన నిశ్చయించుకొనిరి. కాని సుబ్బరాజుగారికి మాండలిన్ వాయించుట రాదు. ఏ తీగపై ఏ వ్రేలు నిలుపవలెనో, ఏ మెట్టునుండి ఏ మెట్టునకు జారవలెనో ఆయన చూపలేరు. ఆయన పాడిరి, శిష్యుడు విని, ఆ పాడినదానిని తన తీగలపై వెదకికొనెను. గురువు గొంతులో స్వరము ఊగినచో శిష్యుని వ్రేలు ఆ ఊపును పట్టుకొనవలెను. గురువు రెండు స్వరముల నడుమ ఎడము తెలియకుండ జారినచో శిష్యుడు లోహపు మెట్ల మీదుగా ఆ జారుడును సాధింపవలెను.

ఈ బోధనావిధానమునందే శ్రీనివాసు కళకు మూలము ఉన్నదని నా దృఢవిశ్వాసము. మాండలిన్ తెలిసిన గురువే దొరకియున్నచో, ఆ వాద్యమునకు అలవాటైన పోకడలను, దానికి సులభమైన మార్గములను నేర్పియుండెడివాడు. దానితోపాటు దానికి అసాధ్యములని పెద్దలు తీర్మానించిన వానిని గూర్చిన హద్దులను గూడ నేర్పియుండెడివాడు. సుబ్బరాజుగారికి ఆ హద్దులు తెలియవు గనుక శిష్యునకును తెలియలేదు. గొంతు చేయగలిగినది తీగ ఏల చేయలేదు అన్న ప్రశ్నయే ఆ బాలునకు పుట్టలేదు. చేయవలెను గనుక చేసెను. తనకు రాని వాద్యమును శిష్యునిచేత సాధింపజేసిన ఆ గురువుయొక్క సాహసమును, వినయమును తలచుకొన్నప్పుడెల్ల నా మనస్సు భక్తితో నిండిపోవును.

తీగకు నేర్పిన గమకము

మాండలిన్ ఇటలీ దేశపు వాద్యము. నేపుల్సు నగరమునందు దాని ప్రసిద్ధరూపము స్థిరపడినది. ఎనిమిది తీగలు, రెండేసి చొప్పున నాలుగు జతలుగా అమర్చబడియుండును. వయొలిన్ వలెనే శ్రుతి చేయబడును. ఐనను వయొలిన్‌కును దీనికిని ఒక గొప్ప భేదమున్నది. వయొలిన్ మెడపై మెట్లు లేవు. కమాను లాగినంతసేపు నాదము సాగును. అందుచేతనే పందొమ్మిదవ శతాబ్దారంభమున ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడైన బాలుస్వామి దీక్షితులు ఆ పరదేశపు వాద్యమును కర్ణాటక సంగీతమునకు తెచ్చినప్పుడు, అది కొద్ది తరములలోనే మన కచేరీలలో విడదీయరాని అంగమై, ద్వారం వెంకటస్వామినాయుడుగారి వంటి మహావిద్వాంసుని చేతిలో స్వతంత్ర వాద్యముగా విరాజిల్లినది. మాండలిన్ సంగతి అట్టిది కాదు. దాని మెడపై లోహపు మెట్లు స్వరస్థానములను ముందే నిర్ణయించి కట్టిపెట్టును. మీటినవెంటనే నాదము క్షీణించిపోవును. ఆ క్షయమును కప్పుటకే పాశ్చాత్యులు ఒకే స్వరమును అతివేగముగా పదేపదే మీటి కంపింపజేయుదురు.

మన సంగీతమున స్వరము స్థిరబిందువు కాదు. తోడిలోని గాంధారము ఒకచోట నిలువక చుట్టుప్రక్కల స్థానములను స్పృశించుచు ఊగుటచేతనే తోడి గాంధారమగుచున్నది. ఆ ఊపును తీసివేసినచో మిగులునది అస్థిపంజరము. వీణకును మెట్లున్నవి గాని, వైణికుడు మెట్టుపై తీగను ప్రక్కకు లాగి ఆ కంపితమును రాబట్టును. బిగువైన జంటతీగలు గల చిన్న మాండలిన్‌పై అట్లు లాగుట దుస్సాధ్యము. శ్రీనివాసు ఈ ఆటంకములను ఒక్కొక్కటిగా తొలగించెను. జంటతీగలను విడిచి ఒంటితీగలను కట్టెను; క్రింది స్థాయికై అయిదవ తీగను చేర్చెను; కర్ర పెట్టె గల మాండలిన్‌కు బదులు విద్యుత్ మాండలిన్‌ను గ్రహించి, మీటిన నాదము నిలుచుటకు వలసిన వ్యవధిని సంపాదించెను. నాదము నిలిచినప్పుడే గదా దానిని ఊపుటకును, జార్చుటకును, మలుపుటకును వీలుకలుగును! ఒక్క మీటుతో మెట్లపై వ్రేలిని జార్చి నాలుగయిదు స్వరములను గొంతువలె కలిపి పలికించుట ఆయన చేతికి సహజమైపోయినది.

మాండలిన్ పరిమాణమున చిన్నది, మెట్లు దగ్గరదగ్గరగా నుండును. అందుచేత వేగము దానికి సులభగుణము. శ్రీనివాసు వేగమున ఎవరికిని తీసిపోవువాడు కాడు. అయినను ఆయనను విద్వాంసునిగా నిలిపినది విళంబకాలపు కృతులలో చూపిన నిగ్రహము. ఒక స్వరమును మీటి, దాని తుదివరకు వేచియుండి, అది వినిపించీ వినిపించని దశలో తరువాతి స్వరమును దానినుండియే పుట్టించు ఓర్పు, పదిమంది పెద్దలలో ఒకరికి అలవడు గుణము. ఈతనికి పన్నెండేండ్లకే అలవడినది. ఈమని శంకరశాస్త్రి, చిట్టిబాబు మొదలైన తెలుగు వైణికులు వీణచేత పాడించిరని మన పెద్దలు మెచ్చుకొందురు. ఆ గాత్రధర్మమును శ్రీనివాసు పరదేశపు వాద్యమునకు సంక్రమింపజేసెను.

గుడివాడనుండి మదరాసునకు

పుష్య బహుళ పంచమినాటి త్యాగరాజారాధన తెలుగు పట్టణములలో కేవలము స్మారకోత్సవము కాదు. అది వర్ధమాన కళాకారులకు తొలి వేదిక. పేరుప్రతిష్ఠలు లేని వారును, ఇంకను చదువుకొనుచున్న పిల్లలును, ఆ సద్గురువు పటము ముందు కూర్చుండి ఒక కీర్తన సమర్పించుకొనుటకు అక్కడ అధికారము కలదు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ ఎనిమిదేండ్ల వయస్సున విజయవాడలో తొలి పూర్తి కచేరి చేసినదియు త్యాగరాజారాధనలోనే. నలువదేండ్ల తరువాత, 1978లో, గుడివాడ ఆరాధనోత్సవ నిర్వాహకులు తొమ్మిదేండ్ల శ్రీనివాసునకు, అందులోను శాస్త్రీయ సంగీతమున స్థానములేని వాద్యమును చేతబట్టి వచ్చిన పిల్లవానికి, వేదికనిచ్చిరి. ఆనాడు వారు సంశయించియున్నచో ఈ కథ మరియొక విధముగా నడచియుండెడిది.

అటుపిమ్మట కుటుంబము మదరాసునకు తరలిపోయెను. కర్ణాటక సంగీతమునకు రాజధానియైన ఆ నగరమున, 1981 డిసెంబరు సంగీతోత్సవములలో, ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీ వేదికపై శ్రీనివాసు కచేరి జరిగినది. విద్యుత్ తీగతో నాదమును పెంచుకొను వాద్యము సభామర్యాదకు తగునా, మాండలిన్‌పై భైరవి పలుకునా, తోడి పలుకునా అని సంప్రదాయజ్ఞులు సందేహించుట సహజము. ఆ సందేహమునకు అతడు వాదముతో సమాధానము చెప్పలేదు. తోడిని, భైరవిని వాయించి వినిపించెను. తనకంటె మూడు నాలుగు రెట్లు వయస్సు గల మృదంగ, వయొలిన్ విద్వాంసులు ఆ బాలుని ప్రక్కన కూర్చుండి వాయించుటకు సంతోషముతో అంగీకరించిరి. కాలక్రమమున తమిళనాడు ప్రభుత్వమును, కంచి కామకోటి పీఠమును ఆయనను ఆస్థాన విద్వాంసునిగా గౌరవించినవి. కంచుకంఠములకును, శతాబ్దముల సంప్రదాయమునకును నెలవైన సభలలో, కొల్లేటి సీమనుండి వచ్చిన పిల్లవాడు, తన ఊరివారు మాట్లాడుకొను భాషలోనే త్యాగయ్య రచించిన కృతులను, ఆ భాష తెలియనివారికి గూడ అర్థమగునట్లు తీగపై పలికించుచుండెను.

బెర్లిన్, 1983

జాజ్ అమెరికాదేశపు దక్షిణభాగమున, న్యూ ఆర్లియన్స్ నగర ప్రాంతమున, బానిసత్వమునుండి విముక్తులైన నల్లజాతివారి సంతతి సృష్టించిన సంగీతము. అందు ముందుగా ఒక పల్లవివంటి మూలరాగము వినిపింపబడును. పిమ్మట ఒక్కొక్క వాద్యకారుడు దానిని ఆధారముగా గొని అప్పటికప్పుడు తన కల్పనను విస్తరింపజేయును. మన విద్వాంసుడు రాగనియమమునకు లోబడి ఆలాపన, నెరవు, కల్పనస్వరములను అల్లినట్లు, జాజ్ విద్వాంసుడు స్వరసమ్మేళనముల క్రమమునకు లోబడి తన కల్పనను నడుపును. మనకు తని ఆవర్తనమున్నట్లు వారికిని తాళవాద్యకారుని ఏకాంత ప్రదర్శనమున్నది. పియానో మెట్లలో ఇమడని, రెండు స్వరముల నడుమ ఊగు వేదనాస్వరములు జాజ్ గానమునకు ప్రాణము. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ వంటివారు ఒకే ఊపిరితో పాడిరి, బాకా ఊదిరి. గాయకుని గొంతును వాద్యము అనుకరించుట, వాద్యపు విరుపులను గొంతు అనుకరించుట ఆ సంగీతమున నిత్యకృత్యము. కావున రెండు సంప్రదాయముల నడుమ భాష వేరైనను, కళాకారుని నుండి అవి కోరునది ఒక్కటియే: ఆ క్షణమున పుట్టిన భావమును తడబడక నాదముగా మార్చుట.

1964లో ఆరంభమైన బెర్లిన్ జాజ్ ఉత్సవము ఐరోపాలోని ప్రముఖ జాజ్ సమావేశములలో ఒకటి. 1983లో అచ్చటికి ఆహ్వానింపబడిన శ్రీనివాసునకు, అమెరికా జాజ్ బాకావిద్వాంసుడు డాన్ చెర్రీ కచేరి ముగిసినపిమ్మట వాయించు వంతు వచ్చెను. హేమాహేమీలను విని తృప్తిచెందిన సభ ముందు, పదునాలుగేండ్ల బాలుడు నేలపై పద్మాసనమువేసి, ఒడిలో చిన్న వాద్యముతో కూర్చుండెను. అరగంటకై నిర్ణయింపబడిన ఆ కచేరి, శ్రోతల కోరికపై మరియొక గంట సాగి, సభ అంతయు లేచి నిలిచి చేసిన జయజయధ్వానముతో ముగిసినదని ఆ ఘట్టమును చెప్పువారందరును చెప్పుదురు.

ఆ శ్రోతలకు రాగలక్షణము తెలియదు; ఆది, రూపక తాళముల లెక్క తెలియదు; కృతిలోని భక్తి ఎవరినిగూర్చినదో తెలియదు. ఐనను అప్పటికప్పుడు కల్పించుట ఎట్టిదో వారికి చక్కగా తెలియును. కంఠస్థము చేసిన పాఠమును అప్పగించుచున్న బాలునకును, ఎదుట నున్న క్షణమునుండి సంగీతమును పుట్టించుచున్న బాలునకును గల భేదమును గుర్తించుటకు వారి కంటె నిపుణులైన శ్రోతలు లేరు. అందుచేతనే బెర్లిన్ తీర్పు విలువైనది. అది వింతను చూచి చేసిన కరతాళధ్వని కాదు. ఒక మనోధర్మ సంప్రదాయము మరియొక మనోధర్మ సంప్రదాయమును సమానమైనదిగా గుర్తించుట. 1992లో బార్సిలోనా ఒలింపిక్ క్రీడల సందర్భమున జరిగిన కళోత్సవములో గూడ ఆయన వాయించెను. ఆ నడుమను, ఆ తరువాతను, ఆయన మాండలిన్ వినబడని ఖండము లేదనవచ్చును.

కెనడావాని గిటారు

కెనడాలోని టొరాంటోకు చెందిన మైకేల్ బ్రూక్ గిటారు వాద్యకారుడు, స్వరకర్త. మీటిన గిటారు నాదము క్షీణింపక, వాద్యకారుడు కోరినంతసేపు నిలుచునట్లు విద్యుత్సాధనముతో ఆయన ఒక గిటారును రూపొందించి దానికి అనంతగిటారు అన్న అర్థము వచ్చు పేరు పెట్టుకొనెను. పాకిస్తాను కవ్వాలీ గాయకుడు నుస్రత్ ఫతే అలీఖానుతో కలిసి 1990లో చేసిన ఆల్బముతో ఆయన పేరు ప్రాచ్యదేశములకును తెలిసినది. ఆ బ్రూక్, శ్రీనివాసు కలిసి రచించిన 'డ్రీమ్' అను ఆల్బము, పీటర్ గేబ్రియేల్ స్థాపించిన రియల్ వరల్డ్ సంస్థ ద్వారా 1995లో వెలువడినది. అంతకుముందే, 1994లో, 'రామ శ్రీరామ' అను పేరుతో శ్రీనివాసుయొక్క శుద్ధ కర్ణాటక సంగీతమును ఆ సంస్థయే లోకమునకు అందించియుండెను.

ఈ కలయికను నేను యాదృచ్ఛికముగా భావింపజాలను. మీటిన తీగ నాదము చచ్చిపోవుట వాద్యకారునకు ప్రకృతి విధించిన పరిమితి. పాలకొల్లు బాలుడు గమకముకొరకు ఆ పరిమితితో పెనుగులాడెను. టొరాంటో యువకుడు నాదపు విస్తృతికొరకు అదే పరిమితితో పెనుగులాడెను. వేరువేరు భూఖండములలో, ఒకరినొకరు ఎరుగక, ఇరువురును తీగచేత గొంతువలె దీర్ఘముగా పాడింపవలెనన్న ఒక్క కోరికను మోసిరి. వారు కలిసినప్పుడు ఒకరు రాగమును, ఒకరు నాదభూమికను సమకూర్చుకొన్నారు. శ్రీనివాసు తన రాగశుద్ధిని వదలలేదు. బ్రూక్ తన స్వరసమ్మేళనమును వదలలేదు. మిశ్రమ సంగీతమన్న పేరుతో రెండింటిని పలుచన చేసి కలుపు రచనలు కోకొల్లలుగా వచ్చుచున్న కాలమున, ఇది ఆదర్శప్రాయమైన సహకారము.

శక్తి వాద్యబృందమున

ఇంగ్లండు దేశీయుడైన జాన్ మెక్‌లాఫ్లిన్ జాజ్ గిటారునకు ప్రపంచ ప్రసిద్ధుడు. కర్ణాటక సంగీతమును శ్రద్ధతో నేర్చినవాడు. వయొలిన్ విద్వాంసుడు ఎల్. శంకర్, తబలా విద్వాంసుడు జాకీర్ హుస్సేన్, ఘటవిద్వాంసుడు విక్కు వినాయకరాంలతో 1970ల నడుమ 'శక్తి' అను బృందమును నెలకొల్పెను. గిటారుపై వీణవలె తీగను ఊపుటకు వీలుగా మెట్ల నడుమ కర్రను గుల్లగా చెక్కించుకొన్నవాడాయన. మెట్ల వాద్యముపై గమకమునకై తపించిన మరియొక సాధకుడన్నమాట. ఇరువదియేండ్ల విరామము తరువాత 'రిమెంబర్ శక్తి' అను పేరుతో ఆ బృందము పునరుజ్జీవితమైనప్పుడు, శ్రీనివాసు అందు ప్రధానవాద్యకారులలో ఒకడయ్యెను. శంకర్ మహదేవన్ గాత్రము, వి. సెల్వగణేశ్ కంజీర, జాకీర్ తబలా, మెక్‌లాఫ్లిన్ గిటారు, శ్రీనివాసు మాండలిన్: ఈ అయిదుగురి కలయిక పదిపదునైదేండ్లు ప్రపంచ వేదికలను ఏలినది.

శ్రీనివాసునందలి స్వరకర్తను గుర్తింపవలసినది ఇక్కడ. 2000 సంవత్సరమున వెలువడిన 'ది బిలీవర్' అను ఆల్బములోని 'మాయ' ఆయన రచన. జాజ్ రచనకు ఒక విశిష్ట ధర్మమున్నది: స్వరకర్త తాను చెప్పదలచినదంతయు చెప్పివేయరాదు, తోటివారు తమ కల్పనను విస్తరించుటకు చోటు విడువవలెను. కృతిని సాంతముగా నేర్చి, దానిలోని ఒక పాదమును గ్రహించి నెరవు చేయు సంప్రదాయమున పెరిగినవానికి ఈ ధర్మము క్రొత్తది కాదు. 2001లో వచ్చిన 'శాటర్డే నైట్ ఇన్ బాంబే' లోను, జాజ్ మహావిద్వాంసుడు మైల్స్ డేవిస్ సంగీతమునకు భారతీయులును, అమెరికా వాద్యకారులును కలిసి సమర్పించిన నివాళియైన 'మైల్స్ ఫ్రమ్ ఇండియా' అను 2008 నాటి ఆల్బములోను ఆయన వాద్యము వినవచ్చును. ఈ రెండవదానిలో తమ్ముడు, శిష్యుడునైన యు. రాజేశ్ గూడ పాల్గొనెను. అది గ్రామీ బహుమానమునకు పరిశీలింపబడిన జాజ్ ఆల్బములలో ఒకటి. అదే ఏడు అన్నదమ్ములిరువురు కలిసి 'సంజనిత' అను ఆల్బమును వెలువరించిరి.

పరదేశములలో ఎంత కీర్తి గడించినను, డిసెంబరు మాసమున మదరాసు సభలలో రెండున్నర గంటల శుద్ధ కచేరి చేయుట ఆయన మానలేదు. జుగల్‌బందీలలో హరిప్రసాద్ చౌరసియా మొదలైన హిందూస్థానీ విద్వాంసులతో కూర్చుండెను. తవిల్ విద్వాంసులను కచేరీలో ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఆ మంగళవాద్యపు లయను మాండలిన్‌తో జతపరచెను. శ్రీనివాస్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వరల్డ్ మ్యూజిక్ అను విద్యాలయమును స్థాపించి తాను సాధించినదానిని ఇతరులకు నేర్పెను. 1998లో భారతప్రభుత్వము పద్మశ్రీనిచ్చెను. తరువాత కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారము లభించెను. స్వభావమున మితభాషి, సత్యసాయిబాబా భక్తుడు, కచేరి నడుచుచున్నంతసేపును ముఖమున చెదరని చిరునవ్వు గలవాడు. తోటి వాద్యకారుడు ఒక అందమైన సంగతిని పలికించినప్పుడు ఆ చిరునవ్వు విశాలమగుట చూచినవారు మరువలేరు.

మిగిలిన మాట

కాలేయవ్యాధితో బాధపడుచు, కాలేయ మార్పిడి శస్త్రచికిత్స పొందియు కోలుకొనలేక, 2014 సెప్టెంబరు 19వ తేదీన చెన్నై నగరమున శ్రీనివాసు పరమపదించెను. అప్పటికి ఆయన వయస్సు నలుబదియైదేండ్లు. మన విద్వాంసులకు అరువదవయేట పరిపక్వత వచ్చుననుకొన్నచో, ఇంకను పదునైదేండ్ల వికాసము మనకు దక్కకపోయినది. ఇది తలచినప్పుడు కలుగు దుఃఖమునకు మాటలు లేవు.

ఐనను ఆయన నాటిన విత్తు మొలకెత్తినది. నేడు మాండలిన్ కర్ణాటక సంగీతపు కచేరి వాద్యములలో ఒకటి. ఆయన శిష్యులును, శిష్యులు కానివారును దానిని చేతబట్టి సభలలో కూర్చుండుచున్నారు. ఇది తగునా అని అడుగువారు లేరు. 2023లో శక్తి బృందము 'దిస్ మొమెంట్' అను ఆల్బమును వెలువరించినప్పుడు అందొక రచనకు 'శ్రీనిస్ డ్రీమ్' అని పేరుపెట్టిరి. ఆ ఆల్బమునకు 2024 ఫిబ్రవరిలో గ్రామీ బహుమానము లభించినది. లోకమొసగిన ఆ గౌరవమున పాలకొల్లు బాలుని పేరు, ఆయన గతించిన పదేండ్లకు గూడ, చెరగక నిలిచియున్నది.

శ్రీనివాసు ప్రతిభ జన్మసిద్ధమని, అట్టివారు శతాబ్దమున కొకరు పుట్టుదురని చెప్పి ఊరకుండుట మనకు సులభము. అది సగము సత్యము మాత్రమే. ఆ ప్రతిభ ఫలించుటకు మూడు పనులు జరిగినవి, మూడును సామాన్యులు చేయదగినవే. కుమారుడు తన వాద్యమును ముట్టుకొన్నందుకు కోపింపక ఒక తండ్రి వానికి క్రొత్త వాద్యము కొనియిచ్చెను. తనకు రాని వాద్యమని తప్పించుకొనక ఒక గురువు గొంతెత్తి పాడి నేర్పెను. పేరులేని పిల్లవానికి, అలవాటులేని వాద్యమునకు, ఒక ఊరి ఉత్సవసంఘము వేదికనిచ్చెను. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినను బెర్లిన్ లేదు, బార్సిలోనా లేదు, మాయ లేదు.

కావున ఏలూరు, తాడేపల్లిగూడెము, భీమవరము, కైకలూరు, గుడివాడ పట్టణములందు త్యాగరాజారాధనలు జరుపుచున్న పెద్దలకును, సంగీత పాఠశాలల ఆచార్యులకును నా మనవి ఒక్కటి. రాబోవు పుష్యమాసమున మీ ఉత్సవములలో ఒక పూటను పన్నెండేండ్లు నిండని పిల్లలకు కేటాయింపుడు. వారు గిటారు తెచ్చినను, కీబోర్డు తెచ్చినను, సాక్సఫోను తెచ్చినను, ఇది మన సంప్రదాయము కాదని వెనుకకు పంపక, ముందుగా వినుడు. శ్రుతి నిలిచినదా, గమకము పలికినదా అని మాత్రము పరీక్షింపుడు. వాద్యమెట్టిదైనను, పాడి వినిపించగల గురువొకడు ప్రక్కన నిలిచినచో చాలును. తల్లిదండ్రులారా, మీ పిల్లల నొకనాటి సాయంకాలము కూర్చుండబెట్టి శ్రీనివాసు వాయించిన త్యాగరాజ కృతినొకదానిని మొదటినుండి తుదివరకు వినిపింపుడు. అది మన సీమవాడు, మన భాషలోని పాటతో, లోకమును గెలిచిన సంగీతమని వారికి తెలియజెప్పుడు.